తొమ్మిది నిమిషాల తేడా

మా పాల ఫ్యాక్టరీలో గోడ గడియారాలు పద్నాలుగు ఉండేవి. ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటి వార్తలకు ముందు రేడియోలో వచ్చే ఆరు కూతలు విని మా బావ తన చేతి వాచీ సరిచేసుకునేవాడు. తర్వాత చంకలో ఒక స్టూలు ఇరికించుకుని, ఆ వాచీ చూసుకుంటూ పద్నాలుగు గడియారాలనూ వరసగా దిద్దుకుంటూ వచ్చేవాడు. ఇది ఆయనకు ఎవరూ అప్పగించిన పని కాదు. ఆయన అసలు ఉద్యోగం పాలు కాచే విభాగంలో వాల్వుల ప్యానెలు దగ్గర. ఈ సోమవారం సేవ మూలంగానే ఆయన్ను అందరూ ‘రేడియో’ అనేవారు. మొదలుపెడితే ఆగకుండా మాట్లాడతాడన్న అర్థం కూడా ఆ పేరులో కలిసిపోయింది.

నాకూ ఒక పేరు పెట్టారు: రుజువులయ్య. కంప్యూటర్ల గది నా చేతి కింద ఉండేది. ఎవరేం చెప్పినా ‘రుజువేది?’ అనడం నా అలవాటు. పదిమంది ఒకే మాట చెబితే అది పది సాక్ష్యాలు కాదనీ, ఆ పదిమందీ ఒకరి నోటి నుంచే విన్నారేమో ముందు విచారించాలనీ క్యాంటీనులో తరచు ఉపన్యసించేవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ నిజమే. దాన్ని ఎవరి మీద ప్రయోగించాలో మాత్రం అప్పట్లో నాకు తెలియదు.

కొత్త యూనిక్స్ సర్వరు వచ్చిన రోజు బాగా గుర్తుంది. ఏ వాల్వు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో సెకన్లతో సహా రాసిపెట్టడం దాని పని. అలాంటి యంత్రాన్ని మొదటిసారి నిలబెట్టేటప్పుడు అది వరసగా కొన్ని ప్రశ్నలు వేస్తుంది: నీ పేరేమిటి, నెట్‌వర్కులో నీ అంకెల చిరునామా ఏమిటి, బయటి ప్రపంచానికి పోవాలంటే ఏ ద్వారం గుండా పోవాలి, టైము ఎవరిని అడిగి తెలుసుకోవాలి. ఒక్కొక్కదానికీ జవాబు నింపుతూ ఉండగా బావ లోపలికి వచ్చాడు. మా గదిలో ఏసీ ఉండేది కాబట్టి ఆయనకు అక్కడ ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది.

“ఏరా బామ్మర్దీ, కొత్త పెళ్ళికూతుర్ని ఏమేం అడుగుతున్నావు?”

“నేను కాదు బావా, అదే నన్ను అడుగుతోంది. టైము ఎవరు చెప్తారంటోంది.”

“ఎవరు చెప్తారు?”

“పక్కనున్న పాత సర్వరు.”

“దానికెవరు చెప్తారు?”

“బయటి లైను మీద పెద్ద గడియారం ఒకటుంది. గంటకోసారి దాన్ని అడుగుతుంది.”

“అంత దూరం ఎందుకురా? నన్నడగమను. టీ ఇప్పిస్తే చాలు, జీవితాంతం చెప్తాను.”

“నీ వాచీ రుజువు కాదు బావా.”

“నా వాచీ కాదురా, రేడియో!”

“రేడియో చెప్పిందని నువ్వు చెప్తున్నావు. అది విన్నమాట కిందికి వస్తుంది.”

బావ పగలబడి నవ్వాడు. “‘మా అక్కని కట్టుకున్నావనడానికి రుజువేదీ?’ అని ఏదో ఒకరోజు నన్ను కూడా నిలదీస్తావురా నువ్వు” అని, చల్లదనం సరిపోయిందేమో, వెళ్ళిపోయాడు.

సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత మా బయటి లైను మారింది. కొత్త ద్వారం చిరునామా రావడానికి వారం పడుతుందన్నారు. ఈలోగా పాత సర్వరు టైము అడగడానికి దిక్కులేక గంటకోసారి ఫిర్యాదు రాస్తూ తెర నింపేస్తోంది. దాని నోరు మూయించడానికి, ‘టైము ఎవరిని అడగాలి’ అన్నచోట కొత్త సర్వరు చిరునామా పెట్టాను. పక్కనే ‘తాత్కాలికం’ అని వ్యాఖ్య కూడా రాశాను. ఫిర్యాదులు ఆగిపోయాయి. వారం తర్వాత ద్వారం చిరునామా వచ్చింది, మార్చాను. టైము అడిగే చోటు మాత్రం మార్చలేదు, మరిచిపోయాను.

అంటే, ఆనాటి నుంచి కొత్తది పాతదాన్ని అడుగుతోంది, పాతది కొత్తదాన్ని అడుగుతోంది. బయటి లోకాన్ని ఎవరూ అడగడం లేదు. రెండూ చేయీ చేయీ పట్టుకుని రోజుకు మూడు సెకన్ల చొప్పున ముందుకు పరిగెడుతున్నాయి. ఇది నాకు తెలిసేసరికి ఏడు నెలలు గడిచాయి. హాజరు పట్టీలో ఇంకా చేతి సంతకాలే కాబట్టి సర్వరు టైముతో ఎవరికీ నిత్యం పని పడలేదు.

ఆ ఏడు నెలల్లో, ఆరో నెల చివర, ఒక ఉదయం ల్యాబు మేడమ్ ప్యానెలుకు ఫోను చేసింది. మూడో ట్యాంకు పాలు సరిగ్గా కాగలేదు, లైను కట్టేయండి అని. ఆమె తన రిజిస్టరులో రాసుకున్న టైము తొమ్మిదీ నలభై. సర్వరు రాసిపెట్టిన ప్రకారం బావ వాల్వు మూసింది తొమ్మిదీ నలభై తొమ్మిదికి. ఆ లైను పాలలో కొంత పక్క వీధిలోని పసిపిల్లల సంరక్షణ కేంద్రానికి చేరాయి. పదకొండు మంది పిల్లలకు వాంతులయ్యాయి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి అందరూ క్షేమంగా ఇళ్ళకు వెళ్ళారు. కానీ ఆ రెండు రోజులు ఆ తల్లులకు ఎలా గడిచాయో ఊహించుకోవచ్చు.

విచారణ మేనేజరు గదిలో జరిగింది.

“తొమ్మిది నిమిషాలు ఏం చేస్తున్నావయ్యా?”

“ఫోను పెట్టిన చేత్తోనే వాల్వు తిప్పాను సార్.”

“నీ ఫోనుకీ వాల్వుకీ మధ్య తొమ్మిది నిమిషాల దూరం ఉందా? కబుర్లలో పడ్డావని చెప్పరాదూ?”

“కబుర్లు చెప్తాను సార్, కాదనను. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు చెప్తాను.”

మేనేజరు నావైపు తిరిగి, సర్వరు టైము నమ్మదగినదేనా అని అడిగారు. సరిచూసి చెప్తానన్నాను. గదికి వెళ్ళి రెండు సర్వర్ల టైములూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా ఒక సెకను కూడా లేదు. ఇద్దరు సాక్షులు, ఒకే మాట. ‘సర్వరు సమయం రెండు యంత్రాలతో సరిచూడబడినది, లోపం లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితం ఇవ్వడానికి ముందు వరండాలో బావను ఆపాను. నా ఉద్దేశంలో అది ఆయనను కాపాడే ప్రయత్నం.

“బావా, ఒక్క మాట విను. ల్యాబు గోడ గడియారం నువ్వు పెట్టిందే కదా. నీ వాచీ తొమ్మిది నిమిషాలు వెనకబడి ఉందేమోనని చెప్పు. అప్పుడు మేడమ్ ఫోను చేసింది కూడా నలభై తొమ్మిదికే అవుతుంది. నువ్వు బయటపడతావు.”

“నా వాచీ వెనకబడలేదురా.”

“వెనకబడిందని చెప్పొద్దు. వెనకబడిందేమో అను చాలు.”

“నీ మిషను ముందుకు పోయిందేమో అని నువ్వు అంటావా?”

“దాన్ని రెండు చోట్ల సరిచూశాను.”

“నేను రేడియోతో సరిచూశాను. ఒరేయ్, మన క్యాంటీను ట్రాన్సిస్టరు పట్టుకుని గంట కొట్టేటప్పుడు నీ మిషను ముందు నిలబడరా ఒకసారి. రెండు నిమిషాల పని.”

నేను నవ్వాను. చిన్నపిల్లవాడి పట్టుదలను చూసి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. “అంత ఖరీదైన యంత్రాలకు ట్రాన్సిస్టరు చేత పరీక్ష పెట్టమంటావా బావా?”

“ఖరీదుకీ టైముకీ ఏం సంబంధంరా?” అన్నాడు. అంతకన్నా హేతుబద్ధమైన ప్రశ్న ఆ ఫ్యాక్టరీలో నేను పనిచేసినంత కాలం ఎవరూ వేయలేదు.

లోపలికి వెళ్ళాక మేనేజరు, “నీ వాచీ తప్పయ్యే అవకాశం ఉందా?” అని సూటిగా అడిగారు. అది గట్టెక్కమని బావకు అందించిన తాడు. “లేదు సార్, సోమవారమే పెట్టాను” అన్నాడు బావ. అబద్ధం చెప్పమన్నది హేతువాదినైన నేను, చెప్పనన్నది రేడియో.

ఆయన్ను ప్యానెలు నుంచి తీసేసి డబ్బాలు కడిగే షెడ్డుకు పంపారు. సంరక్షణ కేంద్రం తల్లుల్లో ఒకామె మా అక్క ఇంటికి రెండిళ్ళ అవతలే ఉండేది. బావ ఎదురైతే పిల్లను చంకన వేసుకుని రోడ్డు దాటేది. ల్యాబు మేడమ్ ఆయన్ను తిడుతూ ఒక్క మాటా అనలేదు. అసలు మాట్లాడడమే మానేసింది. తర్వాతి సోమవారం బావ స్టూలు తీయలేదు. రెండు నెలల్లో పద్నాలుగు గడియారాలూ పద్నాలుగు దారులు పట్టాయి.

విచారణ జరిగిన నలభయ్యో రోజున మరమ్మతు కోసం ఆ వాల్వు విప్పారు. లోపలి రబ్బరు అరిగి పీలికలైంది. “ఇది మూసినా మూయనట్టేనండీ. ఎన్నాళ్ళనుంచి కారుతోందో!” అన్నాడు ఫిట్టరు, చేతులు తుడుచుకుంటూ. అందరూ విన్నారు. బావ ఆలస్యం ఒక కారణంగా దొరికింది కాబట్టి రెండో కారణం ఎవరికీ అక్కర్లేకపోయింది. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. పాలు లీకు మూలంగానే వెళ్ళి, బావ చెప్పిందే నిజమైతే, ఆ తొమ్మిది నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయి?

మధ్యాహ్నం ఒంటిగంటకు ముందు క్యాంటీను ట్రాన్సిస్టరు అడిగి తెచ్చుకున్నాను. గది తలుపు వేసుకుని సర్వరు ముందు నిలబడ్డాను. ఆరో కూత వినిపించినప్పుడు తెర మీద ఒంటిగంటా పదకొండు నిమిషాలు. రోజుకు మూడు సెకన్లు, నలభై రోజులకు రెండు నిమిషాలు. పదకొండులో రెండు తీసేస్తే తొమ్మిది. లెక్క తెగిపోయింది. టైము చిరునామా ఉన్న ఫైలు తెరిచి చూస్తే నా ‘తాత్కాలికం’ నన్నే చూస్తోంది.

ఇక్కడి దాకా జరిగింది పొరపాటు. పొరపాటుకు నేను ఇంతగా కుమిలిపోయేవాణ్ణి కాదు. కుమిలిపోతున్నది దాని తర్వాత చేసినదానికి.

ముందుకు పోయిన గడియారాన్ని సరిచేయడానికి ఇలాంటి యంత్రంలో రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఒక్క ఆజ్ఞతో పదకొండు నిమిషాలు వెనక్కి లాగడం. అలా చేస్తే ఆ పదకొండు నిమిషాలు యంత్రం రాసే చిట్టాలో రెండుసార్లు నమోదవుతాయి, చూసినవాడెవడైనా ఇదేమిటని అడుగుతాడు. రెండోది, సెకనుకు అర మిల్లీసెకను చొప్పున దాని నడక మందగింపజేయడం. అప్పుడు ఎక్కడా గెంతు కనబడదు, ఏ వరసా చెదరదు. నడుస్తున్న యంత్రానికి రెండో మార్గమే శ్రేయస్కరమని అందరూ చెప్తారు. నేనూ అదే కారణం చెప్పుకున్నాను. కారణం సాంకేతికంగా నిర్దుష్టమైనది. నేను దాన్ని ఎంచుకున్నది అందుకు కాదు. మేనేజరు ముందు నిలబడి, ఇద్దరు సాక్షులనుకున్నది ఒక్కడే సాక్షి అని, రుజువులయ్య నోటితో రుజువులయ్యే చెప్పుకోవాలి కదా. ఉద్యోగ భయం కొంత, సిగ్గు అంతకు పదింతలు.

బయటి లైను గడియారాన్ని మళ్ళీ కలిపి, నెమ్మది మార్గం పెట్టాను. రోజుకు నలభై మూడు సెకన్లు. మొత్తం తప్పు కరిగిపోవడానికి పదిహేను రోజుల పైచిలుకు పడుతుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఎంత మిగిలిందో చూసేవాణ్ణి. తప్పు బతికి ఉన్నంతకాలం చెప్పడానికి వ్యవధి ఉన్నట్టేనని నాకు నేనే నచ్చజెప్పుకునేవాణ్ణి.

తొమ్మిదో రోజున అక్క మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

“తమ్ముడూ, నువ్వు చదువుకున్నవాడివి, అందుకే నిన్నడుగుతున్నాను. నిజంగానే మీ బావ ఆలస్యం చేశారంటావా?”

“ఎందుకక్కా ఇప్పుడు?”

“మొన్నటిదాకా లేదని కొట్లాడేవారు. ఇప్పుడు ఆయనే ‘ఏమోనే, కబుర్లలో పడిపోయానేమో, పసిపిల్లల ఉసురు పోసుకున్నానేమో’ అంటున్నారు. అన్నం ముందు కూర్చుని అదే మాట. నువ్వు కాదంటే కాదని చెప్తాను. నీ మాటంటే ఆయనకి గురి.”

ఆ పొద్దుటికి యంత్రంలో ఇంకా నాలుగున్నర నిమిషాల సాక్ష్యం మిగిలి ఉంది. ఆ క్షణంలో అక్కను వెంటబెట్టుకుని వెళ్ళి మేనేజరుకు చూపించి ఉంటే ఎవరూ కాదనలేని రుజువు.

“యంత్రం రాసింది అలాగే ఉందక్కా” అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆరు రోజుల తర్వాత రెండు సర్వర్లూ లోకంతో సరిగ్గా కలిశాయి. ఇక చూపించడానికి ఏమీ లేదు.

బావ నాలుగేళ్ళు డబ్బాలు కడిగి రిటైరయ్యాడు. తర్వాత మూడేళ్ళకు నేనూ అయ్యాను. ఏ రోజు చూసినా నిమ్మకు నీరెత్తినట్టు ఆయన ఎదుట కూర్చుని పేపరు చదివేవాణ్ణి. పోయిన నెల వాళ్ళ మనవరాలు, ఐదు నెలల పసిది, ఇంటికి వచ్చింది. నేను వెళ్ళేసరికి వంటింట్లో బావ పాలసీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏమేవ్, సరిపోయాయా ఇవి? ఒకసారి చూడు.”

“సరిపోయాయి, ఇవ్వండి” అంది అక్క.

“సరిగ్గా కాగాయంటావా?”

“కాగాయండీ.”

“ఇంకోసారి చూడు. నేనన్నానని కాదు, నువ్వు చూడు.”

మూడోసారి కూడా అడిగి, చివరికి సీసా గట్టు మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆ చేతులు కట్టుకోవడం చూశాక నాకిక పేపరు చదవడం సాధ్యం కాలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ‘తాత్కాలికం’, ట్రాన్సిస్టరు, పదకొండు నిమిషాలు, పదిహేను రోజులు, తొమ్మిదో రోజు. తొమ్మిదో రోజు అన్నప్పుడు అక్క పాపను ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు వేయలేదు, వేసినా బాగుండేది.

బావ వాచీ లేని మణికట్టు తడుముకున్నాడు. “అయితే నా వాచీ కరెక్టేనన్నమాట” అన్నాడు.

“కరెక్టే బావా.”

“నేను ఫోను పెట్టిన చేత్తోనే తిప్పాను.”

“ఆ చేత్తోనే తిప్పావు.”

తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. “కాగితం మీద రాయించుకు రారా. ఫ్యాక్టరీ ముద్రతో. ల్యాబు మేడమ్‌కి పంపించాలి. ఆ పిల్లల వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకీ” అన్నాడు.

మర్నాడే వెళ్ళాను. మేనేజరు కొత్తవాడు, మర్యాదస్థుడు, కుర్చీ వేయించాడు. అంతా విని, ఐదేళ్ళు దాటిన చిట్టాలు ఉంచరనీ, ఆ రెండు సర్వర్లూ తుక్కుకు పోయాయనీ చెప్పాడు. పాత విచారణ ఫైలు మాత్రం తెప్పించాడు.

“మీరు చెప్పేదానికి రుజువేమైనా ఉందా సార్?”

“నేనే చెప్తున్నాను కదండీ. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే.”

“అర్థమైంది సార్. కానీ ఆ రోజు మీరు సంతకం పెట్టిన కాగితం ఇదిగో. ‘రెండు యంత్రాలతో సరిచూడబడినది’ అనుంది. ఇప్పుడేమో బంధువు కోసం వేరేగా చెప్తున్నారు. నా స్థానంలో మీరుంటే దేన్ని నమ్ముతారు?”

ఆయన స్థానంలో నేనుంటే ఆ కాగితాన్నే నమ్ముతాను. ఆ మాటే చెప్పి లేచాను.

తిరిగొచ్చి బావకు జరిగింది చెప్పాను. ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. “రుజువులయ్యను రుజువడిగారా!” అంటూ దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఏడేళ్ళ తర్వాత నేను విన్న ఆ నవ్వులో నేను పాలుపంచుకోలేకపోయాను. నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని, “కాగితం రాదన్నమాట” అన్నాడు నెమ్మదిగా.

“నేను రాసిస్తాను బావా. మేడమ్ దగ్గరికి నేనే వెళ్తాను. ఆ తల్లి ఇంటికీ వెళ్తాను.”

“వెళ్ళు. నమ్ముతారో లేదో.”

“నువ్వు నమ్మావు కదా.”

“నీ మాట నేనెప్పుడు నమ్మలేదురా? అదే కదా వచ్చిన చిక్కు.”

లేచి బీరువా సొరుగులోంచి వాచీ తీశాడు. పట్టీ ఎండి బీటలు వారింది. కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆడుతోంది.

“టైమెంతరా?”

జేబులోంచి ఫోను తీశాను. “నాలుగూ పన్నెండు.”

బావ ముల్లు తిప్పబోయి ఆగాడు. “దానికెవరు చెప్పారు?”

ఎవరు చెప్పారో నాకు స్థూలంగా తెలుసు, కచ్చితంగా తెలియదు.

“తొందరేముంది” అన్నాడు బావ, రేడియో దగ్గరికి జరుపుకుంటూ. “ఐదింటి వార్తలు రానీ.”

ఇద్దరం కూర్చున్నాం. అక్క రెండు గ్లాసుల టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి నా వైపే పెట్టింది, నా వైపు చూడలేదు. ఇంకా నలభై ఎనిమిది నిమిషాలున్నాయి. విచారణ నాడు బావ అడిగిన రెండు నిమిషాలు సరిపోయేవి.